గులకరాళ్ళ తీరాన కాలూ
(సెలవు బాటలు)

గత సంచికలో అమర్‌కంటక్ వెళ్ళి, నర్మద పుట్టిన చోటు చూసి వచ్చాం. ఈ పర్యాయం పాఠకులను అంతకంటే దూరం, సముద్రతీరానికి తీసుకువెళ్ళదలచాం. మన బిలాస్‌పూర్‌లోని తెలుగు కుటుంబాలకు విశాఖ తీరం కొత్త కాదు. ఏటా సంక్రాంతికో, వేసవి సెలవులకో సగం కాలనీ ఆ దారి పట్టడం అందరికీ విదితమే. అయితే ఈసారి మా ప్రయాణంలో ఒక విశేషమున్నది. కుక్క తోక పట్టుకొని గోదావరి ఈదడం కుదరదని పెద్దలన్నారు. మేము మాత్రం కుక్క గొలుసు పట్టుకొని ఏకంగా సముద్రానికే బయలుదేరాం!

ఆ కుక్క పేరు కాలూ. జాతికుక్క కాదు. పదకొండేళ్ళ క్రితం ఒక వానాకాలం సాయంత్రం రైల్వే కాలనీ మురుగుకాలువ పక్కన మా నాన్నగారికి దొరికిన వీధికుక్క పిల్ల. బొగ్గు కంటే నలుపు. మన సంస్థ ఉద్యోగి ఇంట పెరగడానికి అంతకంటే తగిన రంగు మరొకటి ఉండదని మిత్రులు పరిహాసమాడేవారు. మా అమ్మగారు కాలం చేసినది కూడా ఆ యేడే. ఆ పదకొండు సంవత్సరాలలో నాన్నగారు ఒక్క రాత్రయినా బిలాస్‌పూర్ విడిచి ఉండలేదు. ‘దీన్ని ఎవరికి అప్పగించి రమ్మంటావురా?’ అన్నదే ఆయన సమాధానం.

భీమునిపట్నం దగ్గర పల్లెలో ఆయన అక్కగారు, అంటే మా మేనత్త, ఉన్నారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి. గడచిన కార్తీకంలో ఫోనులో ఆమె ఒక్క మాటే అన్నారు. ‘తమ్ముడా, నువ్వొచ్చే లోపల నేనెళిపోతానేమో.’ నాన్నగారు ఫోను పెట్టేసి చాలాసేపు వాకిట్లో కూర్చున్నారు. కుక్కను ఎవరి ఇంటనైనా వదలుదామని మేము మెల్లగా ప్రస్తావించాం. స్వర్గద్వారం దగ్గర కుక్కను విడవనన్న ధర్మరాజు కథ మా అమ్మాయి గుర్తుచేసింది. నాన్నగారు నవ్వలేదు. ‘నేను ధర్మరాజునీ కాను, అది ధర్మదేవతా కాదు. అది ముసలిదయింది, నేను ముసలివాణ్ణయ్యాను. అంతే’ అన్నారు. ఇక చేయవలసినదేమిటో మాకు తెలిసిపోయింది.

రైలులో కుక్క

సెలవు ప్రయాణ రాయితీ దరఖాస్తులో కుటుంబ సభ్యుల పట్టికలో కుక్కకు చోటు లేదన్న సంగతి వేరే చెప్పనవసరం లేదు. దాని ఖర్చు మనదే. కుక్కలను పెంచుకునే మన సహోద్యోగులు ఎందరో ఉన్నారు గనుక, మేము తెలుసుకున్న నియమాలను ఇక్కడ పొందుపరుస్తున్నాం.

రైలులో కుక్కను తీసుకువెళ్ళే మార్గాలు ప్రధానంగా రెండు. మొదటిది ఏసీ ఫస్టు క్లాసు. రెండు బెర్తుల కూపే గాని, నాలుగు బెర్తుల క్యాబిను గాని పూర్తిగా మన పేరనే కేటాయింపబడితే, కుక్క మన వెంట ఉండవచ్చు. దానికి అరవై కిలోల సామానుగా లెక్కకట్టి రుసుము వసూలు చేస్తారు. రెండవది, గార్డు ఉండే బ్రేకు వ్యానులోని కుక్కల పెట్టె. అక్కడ ముప్పై కిలోల లెక్క. ఏసీ టూ టైర్, త్రీ టైర్, స్లీపర్, ఛైర్ కార్, సెకండు క్లాసులలో కుక్కకు ప్రవేశం లేదు. ఏ మార్గంలోనైనా రేబిస్ టీకా వేయించినట్లు పశువైద్యుని ధ్రువపత్రం, మెడపట్టీ, గొలుసు, దారిలో తిండి, నీళ్ళు యజమానే సమకూర్చుకోవాలి. బండి వేళకు రెండు మూడు గంటలు ముందుగా పార్సిలు కార్యాలయానికి చేరుకోవడం మంచిది. కూపే కావాలని ముందుగానే అర్జీ పెట్టుకున్నా, చార్టు తయారయ్యే దాకా అది దొరికేదీ లేనిదీ తేలదు.

మాకు దొరకలేదు. మిగిలినది బ్రేకు పెట్టె.

ఇక్కడ నాన్నగారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన గార్డుగా పనిచేసి 2007లో పదవీ విరమణ చేశారు. గార్డు అనే హోదాకు 2022 నుంచి ‘ట్రైన్ మేనేజర్’ అనే పేరు వచ్చింది గాని, మా ఇంట ఇప్పటికీ గార్డుగారే. మన గనుల బొగ్గు మోసే బండ్ల వెనుక ఎన్నో రాత్రులు గడిపారు. ఎక్స్‌ప్రెస్ బండ్ల బ్రేకులో ఎందరి కుక్కలనో గమ్యం చేర్చారు. ఆ పెట్టెలో ఒంటరిగా ఉన్న కుక్క రాత్రంతా ఎలా మూలుగుతుందో ఆయనకు తెలిసినట్లు మరొకరికి తెలియదు. అందుకే పార్సిలు కార్యాలయంలో రసీదు చేతికందుకున్నప్పుడు ఆయన వేళ్ళు వణకడం మేము గమనించాం. ‘ఎన్ని రసీదులు చూశాను గాని, నా పేరున ఎప్పుడూ లేదురా’ అన్నారు.

పాత దారి

బిలాస్‌పూర్‌కూ వాల్తేరుకూ ఉన్న బంధం ఈనాటిది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని పెద్ద కూడలిగా తీర్చిదిద్దింది. 1902లో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న తూర్పుతీరపు రైలుమార్గం కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. అప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వారు పని వెతుక్కుంటూ ఈ వైపు రావడం మొదలయింది. రాయపూర్ నుంచి విజయనగరానికి కొండల గుండా వేసిన మార్గం 1931 నాటికి పూర్తయింది. మధ్యపరగణాల సరకును సముద్రానికి చేర్చడం దాని ఉద్దేశం. 1933లో విశాఖ రేవు ప్రారంభమయింది. సరకు అటు వెళ్ళింది, మనుషులు ఇటు వచ్చారు. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమయ్యే వరకు ఈ రెండు ఊళ్ళూ ఒకే రైల్వే గొడుగు కింద ఉండేవి. మన కాలనీలో వృద్ధులు నేటికీ ‘బి.ఎన్.ఆర్.’ అనడం వినవచ్చు.

సాయంత్రం బండి కదిలింది. రాయపూర్‌లో ఆగగానే నాన్నగారు చేతికర్ర అందుకొని దిగారు. ఆగిన ప్రతి పెద్ద స్టేషనులోనూ అదే వరస. మేము వద్దన్నా వినరు. బండి పొడవునా నడిచి వెనుకనున్న బ్రేకు దాకా వెళ్ళి, పెట్టె కంత దగ్గర నోరు పెట్టి ‘కాలూ, ఉన్నానురా’ అని పలకరించి, కూత వినబడక ముందే అందిన పెట్టెలోకి ఎక్కడం. టిట్లాగఢ్‌లో అర్ధరాత్రి దాటింది. ఆ చలిలో డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి ప్లాట్‌ఫారం మీద తడబడుతూ నడుస్తుంటే, కుక్క కోసం తండ్రిని పోగొట్టుకుంటామేమోనన్న భయం మమ్ము పట్టుకున్నది. ఇంకెప్పుడూ ఈ సాహసం చేయరాదని అనుకున్నాం.

అక్కడే డ్యూటీలో ఉన్న ట్రైన్ మేనేజర్, చిన్న వయసు కుర్రవాడు, ఆయన చేయి పట్టుకొని ఆపాడు. నాలుగు మాటలలో ఆయన పాత గార్డని తెలుసుకున్నాడు. ‘సాబ్, మీరు వెళ్ళి పడుకోండి. మీరు ఎన్ని కుక్కలను చూసి ఉంటారు! దీన్ని నేను చూస్తాను’ అని హిందీలో అన్నాడు. నాన్నగారు వెనక్కు వచ్చి పడుకున్నారు. రాయగడలో తెల్లవారింది. మేము దిగి వెళ్ళి చూస్తే కాలూ గిన్నెలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఆ కుర్రవాని పేరు అడగడం మరచాం. ఈ నాలుగు వాక్యాలే అతనికి మా కృతజ్ఞత.

ఒక పొరపాటు

మేనత్త ఇంటికి వెళ్ళేలోగా ఒక రాత్రి విశాఖలో బంధువుల ఇంట బస చేశాం. మరునాడు తెల్లవారుజామున కాలూను దగ్గరలోని ఇసుక తీరానికి తీసుకువెళ్ళాం. మనుషులెవరూ లేరు. పుట్టి బుద్ధెరిగిన తరువాత అది అర్పా నది ఇసుక తప్ప మరో ఇసుక చూసి ఎరుగదు. జాలిపడి గొలుసు విప్పాం. పదకొండేళ్ళ ముసలి కుక్క పిల్లలా పరుగెత్తింది. తరువాత ఒక చోట ఆగి ఇసుకను రెండు కాళ్ళతో తవ్వసాగింది. మేము నవ్వుతూ చూస్తున్నాం.

అంతలో దూరం నుంచి ఒక యువకుడు కేకలు వేస్తూ పరుగున వచ్చాడు. అటవీ శాఖ వారి తరఫున తాబేలు గుడ్లను కాపాడే పని అతనిది. అది ఫిబ్రవరి మాసం. ఆ రోజులలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ ఈ తీరానికి వచ్చి, ఇసుకలో మూరెడు లోతు గొయ్యి తీసి, ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి తిరిగి వెళ్ళిపోతాయి. ఏడెనిమిది వారాలకు పిల్లలు బయటకు వస్తాయి. ఆ గూళ్ళకు ప్రధాన శత్రువులలో కుక్క ఒకటి. అందుకే గుడ్లను రాత్రికి రాత్రే ఏరి కంచె కట్టిన సంరక్షణ స్థలాలకు చేరుస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఈ తాబేలుకు రక్షణ ఉన్నది.

అదృష్టవశాత్తు కాలూ తవ్వినది పీత బొరియ. కాని అది గూడు కాకపోవడంలో మా ప్రజ్ఞ ఏమీ లేదు. ఆ యువకుడు దుర్భాషలాడలేదు. ‘చదువుకున్నోళ్ళు, మీరే ఇలా చేస్తే ఎలా సార్?’ అని మాత్రం అన్నాడు. సిగ్గుతో తల దించుకున్నాం. మా అమ్మాయి ఆ గుంతను తానే పూడ్చింది. నాన్నగారు గొలుసు తిరిగి తగిలిస్తూ, ‘గార్డు చేతికి పచ్చజెండా ఒక్కటే ఇవ్వరురా, ఎర్రజెండా కూడా ఇస్తారు’ అన్నారు. ఆ ప్రయాణంలో ఆయన మమ్ము మందలించినది ఆ ఒక్కసారే.

కుక్కలకు తీరం మీద ఎంత చోటు ఇవ్వాలన్నది మన దేశపు ప్రశ్న మాత్రమే కాదు. ఇంగ్లండులో చాలా తీరాలలో వేసవి నెలలలో కుక్కలకు ప్రవేశం ఉండదు. మిగిలిన కాలంలో స్వేచ్ఛగా తిరగవచ్చు. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన మన రుషికొండ తీరం సంగతీ అంతే. ఆ గుర్తింపు నియమాలలో పెంపుడు జంతువుల ప్రవేశాన్ని కట్టుదిట్టంగా నియంత్రించాలన్నది ఒకటి. కనుక అక్కడికి కుక్కను తీసుకువెళ్ళే ఆలోచన మానుకోవడం ఉత్తమం.

రాళ్ళ తీరం

ఆ సాయంత్రమే భీమిలి చేరాం. మేనత్త వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నారు. నాన్నగారు వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నారు. ఇద్దరూ చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. చివరకు ఆమె కాలూ వైపు చూసి, ‘నిన్ను పదకొండేళ్ళు కట్టేసింది ఇదేనేటి?’ అన్నారు. నాన్నగారు ‘అవునే అక్కా’ అన్నారు. ‘పోనీలే. ఒంటరిగా ఉంచలేదు కదా’ అని ఆమె దాని తల నిమిరారు.

కుక్కను నిశ్చింతగా తిప్పే చోటు ఎక్కడని మేనత్త ఇంటి పక్కనున్న వృద్ధ మత్స్యకారుని అడిగాం. ‘ఇసకలోకి ఒగ్గకండి బాబూ, తాబేళ్ళ రోజులు. మంగమారిపేట కాడ రాళ్ళ ఒడ్డుంది. గుడ్లెట్టడానికి తాబేలు రాళ్ళమీదకి రాదు కదా. ఆటు దిగినప్పుడు ఎళ్ళండి’ అన్నాడు. ఒక్క మాటలో సమస్య తీరింది. తాబేలుకు ఇసుక, కుక్కకు రాయి. సముద్రం ఇద్దరికీ వేరువేరు చోట్లు ఏర్పరచే ఉన్నది. చూసుకోవలసినది మనం.

విశాఖ నుంచి భీమిలికి తీరం వెంట సుమారు పాతిక కిలోమీటర్ల రహదారి. ఆ దారిలో తొట్లకొండ దిగువన మంగమారిపేట. పైన కొండ మీద 1988 నుంచి 1993 వరకు జరిగిన తవ్వకాలలో బయల్పడిన బౌద్ధారామం ఉన్నది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లనే దానికి ఆ పేరు. దిగువన సముద్రంలోకి చొచ్చుకు వచ్చిన బండలు, వాటి నడుమ అలలు తొలిచిన సహజ శిలాతోరణం. బండల సందులలో గులకరాళ్ళు. ఇంగ్లండులోని చెసిల్ తీరంలా 29 కిలోమీటర్ల పొడవునా రాళ్ళే పరచిన తీరం కాదిది. అక్కడ ఒక కొసన బఠాణీ గింజంత ఉండే రాళ్ళు రెండవ కొసకు వచ్చేసరికి పిడికెడంత అవుతాయట. చీకటిలో ఒడ్డు చేరిన జాలరులు రాతిని తడిమి తామెక్కడ ఉన్నారో చెప్పగలిగేవారట. మన తూర్పుతీరంలో అధికభాగం ఇసుకే. తూర్పు కనుమల కొండలు సముద్రం దాకా వచ్చిన ఇటువంటి చోట్లలోనే రాయి కనిపిస్తుంది. ఈ కొండల శిలకు ఖోండలైట్ అని పేరు. ఒడిశా కొండలలో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీదుగా వచ్చిన మాట. అందులోని గోమేదికపు రేణువులే ఇక్కడి ఇసుకకు అక్కడక్కడ ఎర్రని చార తెస్తాయి. కొండ నుంచి విరిగిన ముక్కను అల ఏళ్ళ తరబడి దొర్లించి దొర్లించి గుండ్రని గులకరాయిగా మారుస్తుంది.

ఆటు దిగిన వేళ చూసి వెళ్ళాం. బండల మధ్య గుంటలలో నీరు నిలిచి ఉన్నది. చిన్న చేపలు, పీతలు, నత్తలు. కాలూకు ఈసారి పొడవైన తాడు కట్టాం. రాళ్ళ మీద మొదట అది కాళ్ళు ఎత్తి ఎత్తి వేసింది. అల వెనక్కు తగ్గేటప్పుడు గులకరాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకుంటూ చేసే చప్పుడుకు చెవులు రిక్కించింది. నాన్నగారు ఒక బండ మీద కూర్చుని కళ్ళు మూసుకొని ఆ చప్పుడే విన్నారు. ‘దూరాన గూడ్సు బండి పాయింట్లు దాటుతున్నట్టు లేదూ?’ అన్నారు. నిజమే. నలభై ఏళ్ళు ఆ చప్పుడు మీద బతికిన చెవులకు తెలుస్తుంది.

పక్కన ఒక మత్స్యకారుల పిల్లవాడు కుక్కకు భయపడి నిలిచిపోయాడు. నాన్నగారు తాడు దగ్గరకు లాగి, కాలూను కూర్చోబెట్టి, వాడు వెళ్ళేదాకా ఆగారు. కుక్కను ప్రేమించడమంటే, కుక్కంటే భయపడేవారిని కూడా తలచుకోవడమే కదా!

వెళ్ళదలచినవారికి కొన్ని సూచనలు. ఉప్పునీరు తాగితే కుక్కకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మంచినీళ్ళు దండిగా తీసుకువెళ్ళి, మాటిమాటికీ తాగించండి. పది గంటలు దాటితే రాళ్ళు కాలుతాయి. మన అరికాలు ఆనలేని చోట దాని పాదమూ ఆనలేదు. బండలకు అంటుకున్న ఆల్చిప్పల అంచులు కత్తుల వంటివి. తిరిగి రాగానే పాదాలు చూసి మంచినీటితో కడగండి. మలవిసర్జన చేస్తే కాగితంతో ఎత్తి బయటకు తెచ్చేయండి. పాచి పట్టిన బండల మీద వృద్ధులు, పిల్లలు జారిపడే ప్రమాదమున్నది. పోటు మొదలు కాకముందే ఒడ్డుకు రావాలి. ఒక పూట మిగిలితే భీమిలిలో డచ్చివారి సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, దారిలో 2014లో భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఎర్రమట్టి దిబ్బలు చూడవచ్చు.

నాలుగు రోజులు ఉన్నాం. రోజూ అన్నాచెల్లెళ్ళ కథలు వింటాం గాని, అక్కాతమ్ముళ్ళు ఆ వయసులో ఒకరి ఎదురుగా ఒకరు కూర్చుని వక్కలు కత్తిరించుకోవడం చూడడం మాకు అదే ప్రథమం. బయలుదేరే నాడు మేనత్త గడప దాకా వచ్చారు. ‘మళ్ళీ ఎప్పుడొస్తావు?’ అని అడగలేదు. ‘దీన్ని జాగ్రత్తగా చూసుకో’ అన్నారు. ఎవరిని ఉద్దేశించి అన్నారో, నాన్నగారితోనా, కాలూతోనా, మాకు తెలియలేదు.

తిరుగు ప్రయాణంలోనూ బ్రేకు పెట్టే. ప్రతి స్టేషనులో దిగబోయిన నాన్నగారిని మా అమ్మాయి ఆపింది. ‘తాతయ్యా, ఈసారి నేను వెళతాను’ అని తానే దిగి వెళ్ళి, ఆ కంత దగ్గర నోరు పెట్టి, ‘కాలూ, ఉన్నానురా’ అన్నది.

మా ఇంట నీళ్ళ కుండ పక్కన ఇప్పుడొక గులకరాయి ఉన్నది. ఎవరు తెచ్చారో నాన్నగారు చెప్పరు. కాలూ అప్పుడప్పుడు దానిని వాసన చూసి, పక్కనే పడుకుంటుంది.